తోడేసిన డ్రమ్ము

మా అక్క ఎవరికీ లేదనదు. అదే దాని జబ్బు అని మా బావ అనేవాడు, అదీ ముద్దుగానే. ఆకివీడు దాటి కొల్లేటి వైపు వెళ్ళే దారిలో చేపల చెరువుల మధ్య వాళ్ళ ఊరు. ఊరంటే రెండు వీధులు, మిగిలినదంతా చెరువు గట్లే. తెల్లారేసరికి గ్లాసు పట్టుకుని ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చేవారు. "ఏవండీ, కాస్త తోడు మజ్జిగ ఉందాండీ?" అక్క తోడేసిన పెరుగు గరిటెతో తీస్తే ముక్కలా తెగి వచ్చేది. ఆ మజ్జిగ చుక్క పట్టుకెళ్ళి పాలల్లో వేసుకుంటే తమ ఇంట్లోనూ అంత గట్టిగా తోడుకుంటుందని వాళ్ళ నమ్మకం. దీపాలు పెట్టాక పెరుగు చుక్క గడప దాటించకూడదని మా అమ్మ కాపురానికి పంపేటప్పుడే చెప్పింది. అక్క ఆ మాట ఒక్కరోజూ పట్టించుకోలేదు.

ఈ ఇవ్వడంలోనే అక్క చెడింది. చెడగొట్టినవాడు మాత్రం వేరే ఉన్నాడు. వాడి సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. కోపం తగ్గాక రాయొచ్చు కదా అంటారేమో. తగ్గలేదు. తగ్గాలని నాకు లేదు కూడా.

ఇది రెండు వేల సంవత్సరం వచ్చాక, ఆ పదేళ్ళ చివరి భాగంలో జరిగింది. మాది తాడేపల్లిగూడెం. నేను ఏలూరులో మైక్రోబయాలజీ చదివాను. "పురుగుల చదువు" అనేది మా అమ్మ, ఎవరైనా అడిగితే కాస్త సిగ్గుపడుతూ. చదువయ్యాక ఆకివీడులో ఉద్యోగం దొరికింది. చెరువుల మందులమ్మే ఒక పెద్ద షాపు వెనక గదిలో ల్యాబ్. ఒక మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటరు, సామాను ఉడకబెట్టుకోవడానికి ప్రెషర్ కుక్కరు, నేను. రైతులు జబ్బు చేపల్ని క్యారీబ్యాగులో వేసుకుని తెచ్చేవారు. నేను కోసి చూసి ఏ జబ్బో చెప్పేదాన్ని. పరీక్ష ఉచితం. మందు మాత్రం ముందు గదిలో కొనుక్కోవాలి. ఆడపిల్ల ఒక్కతే గది తీసుకుని ఉండడం ఎందుకని అక్క ఇంట్లోనే ఉండి, రోజూ షేర్ ఆటోలో వెళ్ళొచ్చేదాన్ని.

షాపు ఓనరు మాటకి ముందో అండీ, మాట తర్వాత ఇంకో అండీ పెట్టే మనిషి. నాకంటే ముప్పయ్యేళ్ళు పెద్ద. అయినా నన్ను "అమ్మాయిగారూ" అనే పిలిచేవాడు. అప్పు అడిగిన రైతుని కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇప్పించి, లేదని చెప్పి పంపేవాడు. ఆ రైతు బయటికొచ్చి "ఎంత మంచాయనండీ" అనుకుంటూ వెళ్ళేవాడు. నేనూ అలాగే అనుకున్నాను. అనుకోకేం, నాకు మాత్రం కొమ్ములున్నాయా?

చెరువులోకి మంచి బ్యాక్టీరియాని వదలడం అప్పుడప్పుడే ఊపందుకుంటున్న పద్ధతి. ప్రోబయోటిక్ అని పాకెట్టులో పొడి వచ్చేది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో బెల్లం పానకం, తవుడు కలిపి, ఈ పొడి వేసి మూత పెడితే మర్నాటికి నురగ కట్టి పొంగుతుంది. దాన్ని చిన్న దోనె పడవలో వేసుకుని చెరువంతా చల్లాలి. ఆ మంచి పురుగులు అడుగున చేరిన కుళ్ళు తినేసి, జబ్బు పురుగులకి తిండీ చోటూ లేకుండా చేస్తాయి. ఆలోచన మంచిదే, నేను కాదనను. డ్రమ్ములో మంచినీళ్ళు పోయమని పాకెట్టు మీద రాసి ఉండేది. కొల్లేటి పక్కన బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. తాగే నీళ్ళే బిందెలతో మోసుకొచ్చుకునేవాళ్ళు డ్రమ్ముకి మంచినీళ్ళెక్కణ్ణుంచి తెస్తారు? చెరువు నీళ్ళే ముంచి పోసేవారు.

ఒకరోజు అక్క డ్రమ్ము మూత తీసి, పొంగు చూసి, బావని పిలిచింది.

"ఏవండీ, ఇది అచ్చం పెరుగు బాపతే కదండీ. అడుగున ఓ బకెట్టు ఉంచుకుంటే మళ్ళీసారి తోడేసుకోవచ్చు. ఊరికే పాకెట్లు కొనడం ఎందుకూ?"

బావకి ఆ మాట తెగ నచ్చింది. నాకు నచ్చలేదు. "అక్కా, పాలంటే కాచి తోడేస్తావు. ఇందులో పచ్చి చెరువు నీళ్ళు పోస్తున్నావు. అందులో సవాలక్ష పురుగులుంటాయి. ఏది తోడుకుంటోందో నీకేం తెలుస్తుంది?" అన్నాను.

"అబ్బో, వచ్చిందండీ ఎమ్మెస్సీ! ముందు నీ కంచంలో పెరుగు ఎవరు తోడేశారో చెప్పవే."

బావ పగలబడి నవ్వాడు. ఆ తర్వాత కూడా ఊరుకోకుండా చెప్పాను, చెప్పినప్పుడల్లా ఇదే వరస. పొరుగింటి పుల్లకూరే రుచి కదా. ఈ మాట ఏ భీమవరం నుంచో జీపులో వచ్చినవాడు చెబితే చేతులు కట్టుకుని వినేవారు. ఇంట్లో అంట్లు తోమే మరదలు చెబితే ఎవరు వింటారు?

డ్రమ్ము మళ్ళీ పొంగింది. ఈసారి ఇంకా తొందరగా, ఇంకా నిండుగా. అక్క చెయ్యి మంచిదన్న మాట గట్టు మీద పాకింది. పక్కింటావిడ మొదట వచ్చింది. ఆవిడ మాకు చుట్టం కాదు, వరసకి పిన్ని అని పిలిచేవాళ్ళం. అక్క కాపురానికి వచ్చిన కొత్తలో దానికి పొయ్యి రాజేయడం నుంచి దోనె ఎక్కడం వరకూ నేర్పింది ఆవిడే. "ఏమ్మా, నీ డ్రమ్ములో ఓ బకెట్టు నాకూ ఇవ్వకూడదూ, మా చెరువులో కూడా తోడేసుకుంటాం" అంది. అక్క రెండు బకెట్లు ఇచ్చింది. పిన్ని దగ్గర్నుంచి ఇంకో ఇంటికి, ఆ ఇంటి నుంచి అవతలి గట్టుకి వెళ్ళింది. ఇంకెక్కడైనా అయితే మందు పాకెట్టుని మందు పాకెట్టులాగే చూస్తారు. మావాళ్ళకి పొంగేది ఏది కనిపించినా పెరుగే. తోడు అడగడానికి నామోషీ లేదు, ఇవ్వడానికి లెక్కా లేదు.

వానాకాలం వచ్చింది. వాన పడితే బాగుండేది, పడకుండా మబ్బు కమ్మి గాలి బిగబట్టింది. పొద్దున్న గట్టు మీదకి వెళ్తే చేపలు నీళ్ళపైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మామూలుగా జరిగేదే. కానీ ఆ మర్నాడు బావ దోనెలోంచి ఒక శీలావతి చేపని చేత్తో పైకెత్తి చూపించాడు. పొట్ట కింద ఎర్రటి మచ్చలు, రెక్కల మొదట్లో నెత్తురు. మచ్చ మీద వేలు పెడితే కండ వేలికి అంటుకుని వచ్చింది.

ఆ తర్వాత రోజూ అదే పని. తేలినవాటిని వలతో దేవడం, గోతిలో పూడ్చడం. చేపల పట్టుబడికి ఇంకెంతో కాలం లేదు, లారీకీ ఐసుకీ మాట్లాడుకుని ఉన్నారు. పిన్నివాళ్ళ చెరువులో మొదలైంది. అవతలి గట్టు మీద మొదలైంది. బావ అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచిపోయేవాడు. లీజు చెరువు అది, సొంతం కాదు. ఈ పంట పోతే ఆ గట్టు మీద నిలబడే హక్కు కూడా పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

నేను జబ్బు చేపల్ని ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. మూత్రపిండంలోంచి ఒక చుక్క తీసి గాజుపలక మీద పూసి రంగులు వేశాను. ఈ రంగుల పద్ధతి మా చదువులో మొదటి పాఠం. దళసరి గోడ ఉన్న బ్యాక్టీరియా ఊదా రంగు పట్టి ఉంచుకుంటుంది. పల్చటి గోడవి ఆ రంగు వదిలేసి గులాబీ రంగులోకి వస్తాయి. చేపలో నిండా గులాబీ రంగు పుల్లలు. మంచినీటి చేపల్ని పీడించే పాత శత్రువే. చెరువులో ఎప్పుడూ కొద్దో గొప్పో ఉంటుంది, చేప నీరసించినప్పుడు కమ్ముకుంటుంది.

ఆ శత్రువు ఎలా చంపుతుందో ఏలూరులో మా లెక్చరరు బోర్డు మీద సుద్దముక్కతో బొమ్మ వేసి చెప్పారు. దాని ఒంటి గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన సన్నటి సూది ఉంటుంది. టైప్ త్రీ సెక్రిషన్ సిస్టమ్ అంటారు. పురుగు చేప కణానికి ఆనుకుని, ఆ సూది గుచ్చి, విషాన్ని తిన్నగా కణం లోపలికి పంపిస్తుంది. నీళ్ళలోకి ఒక్క చుక్క కారదు. కణం లోపల పనులన్నీ తారుమారై, తనంతట తనే కూలిపోతుంది. బయట నుంచి చూసేవాడికి ఎవరూ ఏమీ చేసినట్టుండదు. ఆ రోజు క్లాసులో "ఎంత మర్యాదస్తురాలండీ" అని ఎవరో అంటే అందరం నవ్వాం.

చేప సరే. తర్వాత అక్క డ్రమ్ములోది ఒక చుక్క తీసి చూశాను. ఊదా రంగు పుల్లలు ఉండాలి. పాకెట్టు మీద రాసిన మంచి పురుగులు ఆ రకానివే. ఒక్కటి లేదు. కంటి నిండా గులాబీయే. జెల్లీ పోసిన గాజు ప్లేట్ల మీద పెంచి చూస్తే చేపలో ఉన్నదే డ్రమ్ములోనూ ఉంది. పిన్ని డ్రమ్మూ అంతే. బెల్లం తిని, తవుడు తిని, తోడు మీద తోడుగా బలిసి, బకెట్లలో ఇంటింటికీ వెళ్ళింది ఆ శత్రువే.

అప్పుడు వచ్చింది అసలు అనుమానం. పాకెట్టులో మంచివి కోట్లు ఉంటాయంటారు కదా, అవన్నీ ఏమైనట్టు? ముందు గదిలోకి వెళ్ళి కొత్త పాకెట్టు తెచ్చి, విప్పి, ఆ పొడిని అలాంటి ప్లేటు మీదే వేసి ఇంక్యుబేటరులో పెట్టాను. మర్నాడు ప్లేటు ఖాళీ. కడిగిపెట్టిన అద్దంలా ఉంది. నా పొరపాటేమోనని ఇంకో పాకెట్టు, ఆ తర్వాత ఇంకోటి వేశాను. అంచున ఒకటో రెండో చుక్కలు మొలిచాయి, అంతే. ఆ పాకెట్లు ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి కావు. మా షాపు గోడౌన్‌లో మూటలు విప్పి మా ఓనరు పేరుతోనే కట్టేవారు. వాటిలో ఉన్నది తవుడూ, తెల్ల సున్నప్పొడీ. అంటే మొదటి డ్రమ్ములోనే మంచివి లేవు. అక్క తోడేయకముందే అక్కడ ఉన్నది చెరువు నీళ్ళూ, బెల్లమూ, శత్రువూ.

ఓనరు దగ్గరికి వెళ్ళి రెండు సంగతులూ చెప్పాను. డ్రమ్ముల సంగతి, పాకెట్ల సంగతి. ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నాకు టీ తెప్పించాడు.

"ఎంత మంచి పని చేశారండీ అమ్మాయిగారూ. గోడౌన్‌లో కుర్రాళ్ళు ఏం కలుపుతున్నారో నేను చూసుకోలేదండీ, నా తప్పే. రైతు బాగుంటేనే కదండీ మనం. ఆదివారం మీ అక్కగారి ఊరొస్తాను. అందర్నీ పిలుద్దాం. రెండూ చెబుదాం."

ఆ సాయంత్రం వంటింట్లో అక్కకి చెప్పాను. అది పాలు కాచి దించుతోంది. గిన్నె కింద పెట్టి, పమిటతో చేతులు తుడుచుకుని, పీట మీద కూర్చుంది.

"అంటే నేనిచ్చిందేనటే వీళ్ళందరి చెరువుల్లోనూ?"

"నువ్విచ్చిందే. కానీ పాకెట్టులో బతికున్నవి ఉండి ఉంటే ఇలా అయ్యేది కాదక్కా. మూలం అక్కడుంది."

లేచి పాలగిన్నె పక్కకి జరిపింది. తర్వాత అంది, "ఆదివారం చెప్పు. నేను చేసిందీ చెప్పు, ఆయన చేసిందీ చెప్పు. రెండూ తెలిశాక నన్ను తిట్టినా పడతాను. ఒక్క నాదే తెలిస్తే మాత్రం ఈ గట్టు మీద నేను మొహం ఎత్తుకోలేనే." చేప పోయినందుకు కన్నా దానికి ఆ భయమే ఎక్కువగా ఉంది. నేను దాని చెయ్యి పట్టుకుని, రెండూ చెబుతానన్నాను.

ఆదివారం బడి వరండాలో అందరూ చేరారు. పిన్నీ, ఆవిడ మొగుడూ ముందు వరసలో కూర్చున్నారు. అక్క స్తంభం పక్కన నిలబడింది. నేను రెండు ప్లేట్లు మూతలకి టేపు చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చాను, ఒకటి డ్రమ్ముది, ఒకటి పాకెట్టుది. కళ్ళతో చూస్తే నమ్మకేం చేస్తారనుకున్నాను. ముందు పాకెట్టు సంగతి ఎత్తాలని మనసులో అన్నీ సర్దుకున్నాను.

నేను లేచేలోపలే ఓనరు లేచాడు. చేతులు జోడించాడు.

"అయ్యా, అమ్మా, మీ చెరువులు చూస్తే నా కడుపు తరుక్కుపోతోందండీ. కారణం మా ల్యాబ్ అమ్మాయిగారు కనిపెట్టారండీ. ఆవిడ నిజాయితీ ఎలాంటిదంటే, సొంత అక్కగారని కూడా చూడలేదండీ. పెరుగులాగా తోడేసి పంచిన ఆ డ్రమ్ముల్లోనే ఉందండీ జబ్బు. అమ్మాయిగారూ, కాదంటారా?"

అందరూ నా వైపు తిరిగారు. కాదని ఎలా అంటాను? "అది నిజమే, కానీ" అన్నాను. ఆ 'కానీ' ఎవరికీ వినపడలేదు. వరండా అంతా ఒక్కసారి గొల్లుమంది. ఎవరో అక్క వైపు వేలు చూపించారు. నేను గొంతు చించుకుని అరిచాను, పాకెట్టులో ఏమీ లేదని, తవుడూ సున్నమూ అమ్మారని, అసలు తప్పు అక్కడుందని. డబ్బాలోంచి రెండు ప్లేట్లూ తీసి పైకెత్తాను.

"చూడండి! ఇది డ్రమ్ముది. ఇది పాకెట్టుది. పాకెట్టు ప్లేటులో ఏమీ మొలవలేదు, ఖాళీ!"

ఓనరు నా చేతిలోంచి ఆ ఖాళీ ప్లేటు ఎంతో మెల్లగా తీసుకున్నాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ముందు వరసలో పెద్దమనిషి చేతికి ఇచ్చాడు.

"మీరే చూడండి. డ్రమ్ముది ఎలా కుళ్ళి ఉందో, మా పాకెట్టుది ఎలా ఉందో. ఒక్క పురుగుందాండీ?"

ప్లేటు చేతులు మారింది. ఒక్కొక్కరే ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. "శుభ్రంగా ఉందండీ" అన్నాడు ఒకాయన. "అద్దంలా ఉంది" అన్నాడు ఇంకొకాయన. పురుగు లేకపోవడమే మంచిదని వాళ్ళు పుట్టినప్పట్నుంచీ విన్నారు. బియ్యంలో పురుగుంటే చెడ్డ, నీళ్ళలో పురుగుంటే చెడ్డ. పాకెట్టులో పురుగులు ఉండాలి, అవి లేకపోవడమే మోసం అని నేను అరుస్తుంటే, మతిపోయిందా ఈ పిల్లకి అన్నట్టు చూశారు. నా సాక్ష్యం తీసుకెళ్ళి వాడు తన వైపు నిలబెట్టుకున్నాడు.

"పోన్లెండి, అమ్మాయిగారి బాధ అర్థమైంది" అన్నాడు ఓనరు. "అక్కగారు కదండీ."

అప్పుడు పిన్ని లేచింది. నేను ఆవిడ మీద ఆశ పెట్టుకున్నాను. "కాపాడుకోవద్దా మరి, రక్తం కదండీ" అంది. మనిషి ఏడుస్తూనే అంది. ఇందాక సొంత అక్క అని కూడా చూడని నిజాయితీపరురాలిని, అయిదు నిమిషాలు తిరక్కుండా అక్క కోసం అబద్ధమాడే దాన్ని అయిపోయాను. మొదటి మాట నమ్మడానికి వాళ్ళకి సాక్ష్యమే అక్కర్లేకపోయింది, రెండోదానికి ఏ సాక్ష్యమూ చాలలేదు.

అక్క వైపు చూశాను. అది స్తంభం దగ్గర లేదు. ఇంటికి వెళ్ళిపోయింది.

మా లెక్చరరు వేసిన ఆ సూది బొమ్మ నాకు నిజంగా అర్థమైంది ఆ వరండాలోనే. ఆనుకుని నిలబడి, ఒక్క చుక్క బయట కారకుండా లోపల పెట్టడం అంటే ఏమిటో కళ్ళారా చూశాను. మర్నాడు షాపుకి వెళ్తే "మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండమ్మాయిగారూ" అన్నాడు, నవ్వుతూనే. తిట్టాను. ముందు గదిలో కొనడానికి వచ్చినవాళ్ళందరూ వినేలా నోటికొచ్చినట్టు తిట్టాను. ఒకాయన "పెద్దవారితో అలాగేనా అమ్మా మాట్లాడేది" అని నాకు బుద్ధి చెప్పాడు. ఆయన చేతిలో రెండు పాకెట్లున్నాయి. పాత డ్రమ్ములు కడిగేసి ప్రతిసారీ కొత్త పాకెట్టే వాడమని ఊరూరా చెప్పించాడు ఓనరు. మునుపటికంటే ఎక్కువ అమ్ముడుపోయాయి.

ఊళ్ళో ఎవరూ అక్కని ఎదురుగా ఒక్క మాట అనలేదు. గోదావరి జిల్లా మర్యాద అది, తిట్టరు. గ్లాసు పట్టుకుని రావడం మానేశారు, అంతే. పొద్దున్నే పిన్నిగారి కోడలు గ్లాసుతో మా గుమ్మం ముందు నుంచే నడిచి నాలుగో ఇంటికి వెళ్ళేది. అక్క గుమ్మంలో నిలబడి చూసేది. నేను "లోపలికి రా అక్కా" అంటే వచ్చేది కాదు. మిగిలిన చేప ఏదో ధరకి పోయింది, లీజు పోయింది. దసరా వెళ్ళాక వాళ్ళు సామాను ట్రక్కు ఆటోలో వేసుకుని తాడేపల్లిగూడెం వచ్చేశారు. బావ ఉల్లిపాయల మార్కెట్టులో ఒక కమీషన్ షాపులో గుమాస్తాగా చేరాడు. నేను ఏలూరులో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో చేరాను.

అక్కడ తీరిక ఉన్నప్పుడు ఇంటర్నెట్టులో చదివేదాన్ని. ఇలాంటి పురుగులకి ఇంకో ఆయుధం కూడా ఉందని అప్పుడప్పుడే బయటపడుతోంది. టైప్ సిక్స్ అన్నారు. స్ప్రింగు మీద బిగించిన ఈటె లాంటిది. దానితో పక్క బ్యాక్టీరియాని కూడా పొడిచి చంపుతుందన్న సంగతి ఆ తర్వాత తేలింది. తిండి ఎక్కువై, కిక్కిరిసి, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట దాని రాజ్యమే. బెల్లం డ్రమ్ము కంటే కిక్కిరిసిన చోటేముంటుంది? చెరువు నీళ్ళతో పాటు వచ్చిన అమాయకపు పురుగుల్ని, పల్చటి గోడవాటిని, అలాగే పొడిచి ఉంటుంది. నా మనసు చివుక్కుమన్నది ఆ కింది మాట చదివినప్పుడు. దళసరి గోడ ఉన్నవాటిని ఆ ఈటె అంత సులువుగా పొడవలేదట. పాకెట్టులో ఉండాల్సినవి ఆ దళసరి గోడవే. బతికున్నవి వేసి ఉంటే అవి నిలబడేవి. నిలబడాల్సిన వాళ్ళనే వాడు సున్నప్పొడి చేసి అమ్మాడు. ఇంకోటి కూడా చదివాను. ఆ ఈటె విషానికి విరుగుడు తన జాతి వాటి దగ్గర ముందే ఉంటుందట, పొరపాటున తగిలినా తనవాళ్ళు చావరు. పురుగుకున్న ఆ ముందుచూపు నాకు లేకపోయింది. నేను విరుగుడు చేతిలో పట్టుకుని వెళ్ళాను, అది వాడి చేతికి పోయింది.

ఇది చదివిన వారమే తాడేపల్లిగూడెం వెళ్ళాను. అక్కతో చెప్పాలని. నీ తప్పు లేదే, ఇదిగో శాస్త్రమే చెబుతోంది అని. అక్కవాళ్ళది పెద్ద ఇంట్లో ఒక పోర్షను. మధ్యాహ్నం అన్నం పెట్టింది. పెరుగు పాత రోజుల్లోలాగే గట్టిగా, ముక్కలా తెగి కంచంలో పడింది. ఈటెల సంగతి, దళసరి గోడల సంగతి, అంతా చెప్పాను. అది వింటూ నా కంచంలో ఇంకో గరిటె వేసింది. "అవునా" అంది. "పోన్లే, ఇప్పుడెందుకే అవన్నీ" అంది.

అప్పుడే గుమ్మంలో ఎవరో పిలిచారు. పక్క పోర్షన్‌లోకి కొత్తగా దిగిన అమ్మాయి, చేతిలో గ్లాసు.

"ఏవండీ, కాస్త తోడు మజ్జిగ ఉందాండీ?"

"లేదమ్మా" అంది మా అక్క. "మేం పాలు తోడెయ్యం. ప్యాకెట్టు పెరుగే కొంటాం."

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. పెరుగు గిన్నె నా ముందు పీట మీదే ఉంది, ఇంకా సగానికి పైనే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమిటే ఈ అబద్ధం, ఇంత పెరుగు పెట్టుకుని, ఇంతసేపూ నేను ఏం చెప్పాననుకున్నావు అని అరిచాను.

అక్క గిన్నె మీద మూత పెట్టింది.

"నెమ్మదిగా మాట్లాడు, వినపడుతుంది" అంది. "నా చేతి తోడు ఎలా ఇస్తానే? వాళ్ళింట్లో చంటిపిల్ల ఉంది."